బస్సు పడనివాళ్ళు

మన ఆడవాళ్ళలో రెండు రకాలవాళ్ళున్నారు. బస్సు పడేవాళ్ళు, బస్సు పడనివాళ్ళు. మొదటి రకంవాళ్ళు రాజమండ్రిలో బస్సెక్కి, రావులపాలెం వచ్చేలోగా పక్కసీటావిడ పుట్టింటి చరిత్రంతా రాబట్టి, దోరజామకాయలు కొనుక్కుతిని, అమలాపురంలో నవ్వుతూ దిగుతారు. రెండో రకంవాళ్ళు కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుని, నిమ్మకాయ ముక్కుకి ఆనించుకుని, ఎవరు పలకరించినా కళ్ళు తెరవకుండా చేత్తో సైగ చేసి ఊరుకుంటారు. మారేడుమిల్లి ఘాటురోడ్డు పేరెత్తితే చాలు, ఇంట్లో కుర్చీలో కూర్చున్నా వాళ్ళకి కడుపులో తిప్పుతుంది. పాపికొండలు చూడ్డానికి లాంచీ ఎక్కుదామంటే, "మీరు వెళ్ళి రండర్రా, నేను ఇల్లు చూసుకుంటాను" అంటారు. వాళ్ళ మీద ఇంట్లో అందరూ జోకులు వేస్తారు. వాళ్ళూ నవ్వేస్తారు. అదొక జబ్బనిగాని, డాక్టరుకి చెప్పాల్సిన సంగతనిగాని ఎవరికీ తోచదు.

మా అమ్మ ఈ రెండో రకం. డెబ్బై రెండేళ్ళ మనిషి. నాన్నగారు పోయాక కోనసీమలో అన్నయ్య దగ్గర ఉంటోంది. నాలుగైదేళ్ళ క్రితం ఆవిడకి పొట్ట మీద పాత ఆపరేషను కుట్టు దగ్గర చిన్న ఉబ్బు కనబడింది. దగ్గినప్పుడు పైకి వచ్చేది, పడుకుంటే లోపలికి పోయేది. డాక్టరు చూసి హెర్నియా అన్నారు. పొట్టగోడ బలహీనపడి పేగు బయటికి తోసుకొస్తోంది, ఎప్పుడైనా అది అక్కడ బిగుసుకుపోతే ప్రాణం మీదకి వస్తుంది, కాబట్టి ముందే ఆపరేషను చేయించుకోండి అన్నారు.

అమ్మ సరేనంది. ఇంటికొచ్చాక మాత్రం పుష్కరాలన్నట్టు వాయిదాలు మొదలెట్టింది. మనవరాలి పరీక్షలు అవనీ అంది. ఆవకాయ కలపాలంది. కార్తీకమాసం వెళ్ళనీ అంది. తరవాత ధనుర్మాసమంది. ఇలా నాలుగేళ్ళు నడిపింది. ఉబ్బు చిన్న నిమ్మకాయంత ఉన్నది బత్తాయి కాయంత అయింది. కోత కంటే భయమేమో అనుకున్నాం. డబ్బు ఖర్చని మొహమాటపడుతోందేమో అని అన్నయ్య, ఈ వయసులో తిరిగి లేస్తానో లేదోనని బెంగేమో అని వదిన, తలో మాటా అనుకున్నారు.

చివరికి పోయినేడాది ఒక రాత్రి నేను పక్కన పడుకున్నప్పుడు, దీపం తీసేశాక, చీకట్లో చెప్పింది. "కోతకి భయం లేదే. చావుకి అంతకన్నా లేదు. ఆ డోకులు మళ్ళీ నేను పడలేను."

నాకు ఒక్కసారి 1994 కళ్ళముందుకొచ్చింది. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అమ్మకి గర్భసంచి తీశారు. ఆపరేషను బాగా జరిగిందని అందరూ సంతోషించారు. సాయంత్రం మత్తు దిగుతూండగా మొదలైంది. ఆ రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నందాకా ఆగలేదు. కడుపులో ఏమీ లేదు, నీళ్ళ చుక్క కూడా లేదు. అయినా పేగులు పైకి వస్తున్నట్టు ఒకటే డోకు. డోకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో పొట్ట అదిమిపట్టుకుని "అమ్మాయ్, కుట్లు ఊడిపోతున్నాయే" అనేది. నేను గిన్నె పట్టుకుని నిలబడ్డాను. చూడ్డానికొచ్చిన పిన్నులూ అత్తయ్యలూ "మత్తుమందు అంతేనమ్మా, దిగేదాకా తప్పదు, మాకూ అయింది" అన్నారు. అంతే. అందరికీ అయింది కాబట్టి అది బాధ కింద లెక్కకి రాలేదు.

ఆ హెర్నియా ఆ డోకులవల్లే వచ్చిందని నేననను. పాతకుట్టు బలహీనపడ్డానికి సవాలక్ష కారణాలుంటాయి. కాని ముప్పై ఏళ్ళ కిందటి డోకు ఒక మనిషిని అవసరమైన ఆపరేషనుకి నాలుగేళ్ళపాటు దూరంగా నిలబెట్టిందంటే, దాన్ని చిన్న విషయం అనడానికి నాకు మనసొప్పలేదు. తరవాత తెలిసింది, మా అమ్మ ఒక్కర్తే కాదట. 1999లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ డాక్టర్లు, ఆపరేషనుకి వచ్చినవాళ్ళని, మత్తు దిగాక మీకు ఏది రాకూడదనుకుంటున్నారు, వరసగా చెప్పండి అని అడిగారు. నొప్పే మొదట వస్తుందనుకుంటాం కదా! నొప్పికన్నా ముందు వాంతే వచ్చింది.

సరే, అమ్మని రాజమండ్రిలో ఒక ఆస్పత్రికి తీసుకొచ్చాం. సర్జన్‌గారు చూశాక మత్తు డాక్టరమ్మ దగ్గరికి పంపారు. మనం ఆపరేషనంటే కోసే డాక్టరు పేరే చెప్పుకుంటాం గాని, నిద్రపుచ్చి మళ్ళీ లేపే డాక్టరు పేరు ఎవరం అడగం. చిన్నపిల్లే, ముప్పై అయిదేళ్ళుంటాయి. బీపీ, షుగరు, గుండె గీతలు అన్నీ చూసి, కలం పట్టుకుని అడిగింది.

"మామ్మగారూ, మీకు బస్సు పడుతుందాండీ?"

అమ్మ నా వంక చూసింది. ఆపరేషనుకీ బస్సుకీ సంబంధమేమిటని. నేనే చెప్పాను, బస్సు కాదు, రిక్షా కూడా పడదని.

"ఇదివరకు ఆపరేషనయినప్పుడు వాంతులయ్యాయాండీ?"

ఈసారి అమ్మ నన్ను చెప్పనివ్వలేదు. ముప్పై ఏళ్ళుగా ఎవరో ఒకరు అడుగుతారని కాచుకుని కూర్చున్నట్టు, గిన్నెతో సహా అంతా చెప్పేసింది. ఆ పిల్ల మధ్యలో అడ్డుపడకుండా విని రాసుకుంది. తరవాత, ఏమాత్రం తొణక్కుండా, "చుట్టగాని సిగరెట్టుగాని కాలుస్తారాండీ?" అంది.

"ఓసి నీ ఇల్లు బంగారంగానూ! నేనా? మా అత్తగారు కాల్చేవారు, లంక పొగాకు చుట్ట" అంది అమ్మ.

"అయితే ఆవిడకి ఒక మార్కు తక్కువ పడేదండీ, మీకు ఎక్కువ పడింది" అని నవ్వింది డాక్టరమ్మ.

ఆ మార్కుల సంగతి ఆవిడ చెప్తే విన్నాను, ఇంటికొచ్చి చదువుకున్నాను కూడా. చదివింది తెలుగూ చరిత్రా అయినా, అమ్మ విషయం కదా, అర్థమయ్యేదాకా వదల్లేదు. జర్మనీకి చెందిన అప్ఫెల్ అనే డాక్టరు, ఫిన్లాండు డాక్టర్లతో కలిసి, 1999లో ఒక చిన్న లెక్క కట్టారు. మార్కులు నాలుగే. ఆడమనిషి అయితే ఒకటి. పొగతాగనివాళ్ళయితే ఒకటి. బస్సు పడకపోయినా, ఇదివరకు ఆపరేషను తరవాత వాంతులైనా ఒకటి. ఆపరేషనయ్యాక నొప్పికి మార్ఫీను జాతి మందులు ఇవ్వాల్సొస్తే ఇంకొకటి. ఒక్క మార్కూ లేనివాళ్ళలో నూటికి పదిమందికి డోకులొస్తాయి. ఒకటుంటే ఇరవై మందికి. రెండుంటే నలభై, మూడుంటే అరవై, నాలుగూ ఉంటే ఎనభై.

చూశారా చోద్యం! ఆడపుట్టుక పుట్టినందుకు ఒక మార్కు, పద్ధతిగా పెరిగినందుకు ఇంకొకటి. మన ఇళ్ళలో ఆడవాళ్ళందరం ఆపరేషను బల్ల ఎక్కకముందే నాలుగింట్లో రెండు మార్కులు చేత్తో పట్టుకుని వెళ్తున్నామన్నమాట. అలాగని దీనికోసం ఎవరూ చుట్టలు మొదలెట్టకండి. పొగ ఊపిరితిత్తులకి చేసే చెరుపు ముందు ఈ లాభం ఎందుకూ కొరగాదు.

మా అమ్మకి వయసు మళ్ళింది కాబట్టి కొంచెం నయమేనట. యాభై లోపువాళ్ళకే ఈ బాధ ఎక్కువట. అయినా మార్కులు మాత్రం నాలుక్కి నాలుగు వచ్చాయి. "స్కూల్లో ఎప్పుడూ ఇన్ని రాలేదే" అంది అమ్మ.

ఈ బాధ ఇప్పటిది కాదు. 1846 అక్టోబరులో బోస్టన్‌లో ఈథరుతో మనిషిని నిద్రపుచ్చి ఆపరేషను చేసి చూపించారు. మరుసటేడు క్లోరోఫారం వచ్చింది. 1848లోనే లండన్‌లో జాన్ స్నో అనే డాక్టరు, మత్తు తరవాత వాంతులవుతున్నాయనీ, అంతకుముందే తిన్నవాళ్ళకి మరీ ఎక్కువనీ రాశాడు. ఈథరు కాలంలో నూటికి డెబ్బై ఎనభై మందికి వాంతులయ్యేవట. కాని అప్పుడు పట్టించుకునే తీరిక ఎక్కడిది? ప్రాణం దక్కితే చాలు. మన హైదరాబాదులోనే ఎడ్వర్డ్ లారీ అనే డాక్టరు, ఆరో నిజాము మహబూబ్ ఆలీఖాన్ ఇచ్చిన డబ్బుతో, 1888లో ఒకటి, 1889లో ఒకటి క్లోరోఫారం కమిషన్లు నడిపించాడు. ప్రపంచమంతా హైదరాబాదు వంక చూసిన రోజులవి. వాళ్ళు తేల్చుకోవాలనుకున్నది ఒకటే, క్లోరోఫారం ఎక్కువైతే ముందు ఆగేది ఊపిరా, గుండెకాయా అని. ఆ రోజుల్లో అక్కడ క్లోరోఫారం ఇచ్చినవాళ్ళలో రూపాబాయి ఫర్దూన్‌జీ అనే పార్శీ అమ్మాయి ఉంది. ప్రపంచంలో మొట్టమొదటి మహిళా మత్తు డాక్టరు ఆవిడేనని చాలామంది చెప్తారు. మన గడ్డ మీద ఆడది మత్తు ఇచ్చే విద్యలో అంత ముందుంది. మత్తు దిగేటప్పుడు ఆడది పడే బాధకి మార్కులు వేయడానికి మాత్రం ఇంకో నూట పదేళ్ళు పట్టింది.

అసలు ఈ వాంతి ఎందుకొస్తుందో డాక్టరమ్మని అడిగితే కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. నాకు అది ధవళేశ్వరం బొమ్మలా కనిపించింది, తిరగేసిన ధవళేశ్వరం. మన ఆనకట్ట దగ్గర ఒక గోదావరి తూర్పు డెల్టాకీ, మధ్య డెల్టాకీ, పశ్చిమ డెల్టాకీ కాల్వలుగా చీలుతుంది కదా. ఇక్కడ కాల్వలన్నీ వచ్చి ఒక్కచోట కలుస్తాయి. మెదడు కిందిభాగంలో వాంతిని నడిపించే చోటు ఒకటుంది. దానికి కడుపులోంచి ఒక కాల్వ వస్తుంది. రక్తంలో తేడా పదార్థం కనిపెట్టే కాపలావాడి దగ్గర్నుంచి ఒకటి. చెవిలోపల తూకం చూసే యంత్రం నుంచి ఒకటి, బస్సు పడనిది దానివల్లే. పీల్చే మత్తు వాయువులూ, నొప్పి మందులూ వీటిల్లో ఒక్కోదానికి గండి కొడతాయి. అందుకని ఒక్క లాకు మూస్తే చాలదు. ఒక్కో మందు ఒక్కో లాకు.

2004లో అయిదువేలమందికి పైగా రోగుల మీద చేసిన పెద్ద పరిశోధన ఒకటి అచ్చయింది. ఒక్కో మందూ ఉన్న ముప్పులోంచి సుమారు పావు వంతు తగ్గిస్తుందని తేలింది. చీరల కొట్లో తగ్గింపు మీద తగ్గింపు ఇచ్చినట్టే ఈ లెక్క. ఎనభై ఉన్నది మొదటి మందుతో అరవై. ఆ అరవైలో పావు రెండో మందు తగ్గిస్తే నలభై అయిదు. మూడోది వేస్తే ముప్ఫై నాలుగు. సున్నా ఎప్పటికీ అవదు. ఆ మాట డాక్టరమ్మ అమ్మకి ముందే చెప్పింది. "అసలు రావని మాటివ్వనండి. వచ్చినా అప్పట్లా ఉండవు. వస్తే ఏం చెయ్యాలో సిద్ధంగా ఉంటాం."

వెనకటి రోజుల్లో వాంతి మొదలయ్యాక ఇంజెక్షను ఇచ్చేవారు. వరదొచ్చాక గట్టు వేసినట్టు. ఇప్పుడు వరదకి ముందే ఇసక బస్తాలు. దానికీ వేళా పాళా ఉంది. డెక్సామెథసోన్ అనే మందు పనిచెయ్యడం నిదానం, కాబట్టి మత్తు ఇచ్చేటప్పుడే ఇస్తారు. ఆండన్‌సెట్రాన్ అనేది ఆపరేషను ముగిసే ముందు ఇస్తారు, మత్తు దిగేవేళకి దాని బలం నిండుగా ఉండాలని. పీల్చే వాయువు బదులు నరంలోకి ఎక్కించే ప్రోపోఫాల్, చిక్కటి పాలలా తెల్లగా ఉంటుంది, దాంతోనే నిద్రలో ఉంచితే మరికొంత మేలు. నొప్పికి మార్ఫీను జాతి తగ్గించి, కోతచుట్టూ తిమ్మిరి ఇంజెక్షను ఇస్తే ఇంకా మేలు. ఇవేమీ గొప్ప ఖరీదువి కావు. మొదటి రెండు మందులకీ అయ్యే ఖర్చు, చీరకి ఫాలు కుట్టించినంత కూడా ఉండదు. 2020లో పలుదేశాల డాక్టర్లు కూర్చుని రాసిన సూచనల్లో, ఒకటి రెండు మార్కులున్నవాళ్ళకి రెండు మందులు, అంతకు మించితే మూడు నాలుగు ఇమ్మన్నారు.

ఇంకో సంగతి నాకు భలే నచ్చింది. ముంజేతి లోపలివైపు, మణికట్టు గీతకి మూడు వేళ్ళు పైన, రెండు నరాల మధ్య ఒక చోటుంది. చైనావాళ్ళ సూదివైద్యంలోది. అక్కడ నొక్కితే డోకు తగ్గుతుందని పరీక్షలు చేసి మరీ ఒప్పుకున్నారు. సరిగ్గా మనం గాజులు తోసుకునేచోటు!

ఆపరేషను రోజు పొద్దున్న రెండు గంటల ముందువరకు మంచినీళ్ళు తాగొచ్చన్నారు. నోరెండబెట్టుకుని పడుకోవడం ఎవరికీ మేలు చెయ్యదట. ఘనాహారం మాత్రం ఆరుగంటల ముందే ఆపాలి. ఇది ఒక్కో మనిషికీ ఒక్కోలా ఉంటుంది, మీ డాక్టరు చెప్పిందే మీకు వేదం.

అమ్మని లోపలికి తీసికెళ్ళారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. అన్నయ్య హెర్నియా గురించి ఆలోచిస్తున్నాడని తెలుస్తూనే ఉంది. నేను మాత్రం నర్సుని ఒక గిన్నె అడిగి తెచ్చుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. మధ్యాహ్నం మూడింటికి అమ్మ కళ్ళు తెరిచింది. తెరవగానే రెండు చేతులూ పొట్ట మీదికి వెళ్ళాయి. అలా పట్టుకుని, కళ్ళు పైకప్పుకి అప్పగించి, చూసింది. అయిదు నిమిషాలు. పది నిమిషాలు. ఏమీ రాలేదు. మెల్లిగా చేతులు తీసి పక్కన పెట్టుకుంది. "అయిపోయిందా?" అంది. అయిపోయిందన్నాను. "కాదే, అది" అంది, నా ఒళ్ళో గిన్నె వంక చూసి.

రాత్రి తొమ్మిదింటికి ఒకసారి కడుపులో తిప్పింది. నేను హడలిపోయి నర్సుని పిలిచాను. ఆవిడ కాగితం చూసి, ఇదివరకు ఇచ్చిన మందు కాకుండా వేరే జాతిది ఇచ్చింది. మూసిన లాకునే మళ్ళీ మూస్తే లాభమేముంది! పావుగంటలో సర్దుకుంది. ఒక్క డోకు కూడా రాలేదు. మర్నాడు పొద్దున్న ఇడ్లీ తిని, కాఫీలో చికోరీ ఎక్కువైందని వంక పెట్టింది. ముప్ఫై ఏళ్ళ బెంగ అలా పోయింది.

ఈ కథంతా మీకెందుకు చెప్తున్నానంటే, మనకి ఇది కావాలి. 2015-16లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే, మన ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మండుగురు. దేశంలో మనమే ముందు. అన్ని ఆపరేషన్లూ అవసరమేనా అన్నది వేరే ప్రశ్న, అదీ అడగాల్సిందే. కాని గర్భసంచి ఆపరేషనూ, పొట్టకి చిన్న చిల్లులు పెట్టి చేసే ఆపరేషనూ, పిత్తాశయం తియ్యడమూ, డోకులు ఎక్కువ తెచ్చేవాటిల్లో ఇవే ముందుంటాయి. పిల్లల్లో మెల్లకన్ను ఆపరేషను అలాంటిదే. అంటే మనమూ, మన పిల్లలూను.

మందులు మనం ఎంచుకునేవి కావు. డెక్సామెథసోన్ షుగరు పెంచుతుంది, ఆండన్‌సెట్రాన్ గుండె గీతలో తేడా ఉన్నవాళ్ళకి చూసి ఇవ్వాలి, కొందరికి తలనొప్పో మలబద్ధకమో తెస్తుంది. అవన్నీ డాక్టర్ల పని. మన పని చెప్పడం. బస్సు పడదని చెప్పాలి. పోయినసారి రాత్రంతా కక్కానని చెప్పాలి. వేసుకుంటున్న మాత్రలన్నీ చూపించాలి. వాంతి రాకుండా ముందు ఏమిస్తారండీ అని అడగాలి. అడిగితే ఏమనుకుంటారో అని మొహమాటపడతాం. కూరలో ఉప్పెక్కువైతే ఊరంతా తెలిసేలా చెప్పుకునే మనం, ఒంటి బాధ దగ్గరికొచ్చేసరికి, అందరికీ అయ్యేదేగా అని నోరు మూసుకుంటాం.

డిశ్చార్జి చేసేటప్పుడు డాక్టరమ్మ కాగితం మీద, ఇంతకుముందు వాంతులు ఎక్కువ, ఈసారి ఫలానా మందులు ఇచ్చాము, బాగా పనిచేశాయి అని రాసి సంతకం పెట్టింది. ఇక ముందు ఏ ఆస్పత్రికెళ్ళినా ఇది చూపించండి అంది. ఇంటికొచ్చాక అమ్మ ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ప్లాస్టిక్ సంచీలో దూర్చి, బీరువాలో ఇంటి దస్తావేజుల పక్కన పెట్టింది. పెట్టి, మళ్ళీ తీసి, నాకు అర్థమయ్యేలా తెలుగులో ఇంకో కాగితం మీద రాయమంది. ఎందుకే అంటే, "నీకూ బస్సు పడదుగా. దీనికింద నీ పేరు కూడా రాసుకో" అంది.